తుమ్మ కట్టెకు చిన్న గొడ్డలి

పోయిన సంక్రాంతికి మా తమ్ముడు గోథెన్‌బర్గ్ నుంచి వస్తూ నాకోసం ఒక చిన్న గొడ్డలి తెచ్చాడు, స్వీడన్‌లోనే చేసింది. తల అరకిలో కంటే కాస్త ఎక్కువ, కామ మూరెడు కూడా లేదు, వాదరకి తోలు తొడుగు, తొడుగు తీస్తే కాగితం దానంతటదే తెగేంత పదును. అంత అందమైన పనిముట్టు నా చేతిలోకి ఎప్పుడూ రాలేదు. మర్నాడు తెల్లవారుజామున నీళ్ళ కాగు కిందకి కట్టెలు కావాలని పెరట్లో ఎండిన సర్కారు తుమ్మ దుంగ ఒకటి నిలబెట్టి నాలుగు దెబ్బలు వేశాను, అయిదో దెబ్బ సరిగ్గా ముడి మీద పడింది. గొడ్డలి లాగి చూస్తే వాదర మధ్యలో గోరంత ముక్క లేచిపోయి ఉంది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

తప్పు గొడ్డలిది కాదు. అది బర్చ్, పైన్, స్ప్రూస్ లాంటి చెట్ల మధ్య పుట్టింది. అక్కడి కట్టె నిటారుగా పెరిగి, పోగు తిన్నగా ఉండి, మన తుమ్మతో పోలిస్తే మెత్తగా ఉంటుంది. దానికోసం వాదరని పలుచగా తీస్తారు, పలుచగా ఉంటేనే లోతుగా దిగుతుంది, కొమ్మలు నరకడానికీ చెక్కడానికీ బాగుంటుంది. అదే వాదర ఎండిన తుమ్మ ముడి మీద పడితే నిలబడదు, విరుగుతుంది లేకపోతే మడత పడుతుంది. వీడియోల్లో, వ్యాసాల్లో చిన్న గొడ్డళ్ళ గురించి చెప్పే సలహాల్లో చాలా భాగం ఆ కట్టెకి సంబంధించినవే. ఏ గొడ్డలి కొనాలి అని నన్ను ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది డబ్బు ఎంత పెడతావని కాదు, మీ ఊళ్ళో ఏ కట్టె దొరుకుతుంది అని.

మా వైపు, అంటే ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో, దొరికేది సర్కారు తుమ్మే. ఇది మన చెట్టు కాదు, అమెరికా ఖండంలోని ఎండ ప్రాంతాలది. 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారని, మన దేశంలోకి అలా వచ్చిందని అటవీశాఖ చరిత్రలో ఉంది. ఇప్పుడు చెరువు కట్ట, బీడు, రోడ్డు పక్క, శ్మశానం, ఎక్కడ చూసినా అదే. దాని ముళ్ళు గుచ్చుకుంటే చీము పడుతుంది, భూమిలో నీళ్ళు లాగేస్తుందని రైతులు తిడతారు, కానీ పొయ్యిలో పెడితే అంత వేడి ఇచ్చే కట్టె మాకు ఇంకోటి లేదు, బొగ్గుకి కూడా అదే. వంకర్లు, ముళ్ళు, అడుగడుక్కీ ముడి, పోగు మెలి తిరిగి ఉంటుంది. నల్ల తుమ్మ కూడా గట్టిదే కానీ దుంగ కాస్త తిన్నగా దొరుకుతుంది. వేప చీల్చడం ఒక్కోసారి తుమ్మ కంటే కష్టం, పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి, గొడ్డలి దిగుతుంది కానీ కట్టె విడిపోదు. సముద్రం పక్కన ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళకి సరుగుడు ఉంది, పచ్చిగా ఉన్నప్పుడు ఒక్క దెబ్బకి రెండుగా పగులుతుంది, ఎండితే మాత్రం రాయి. ఏ గట్టి కట్టె అయినా కొట్టి తెచ్చిన వారంలోపే చీల్చేసి ఆ తరువాత ఎండబెట్టుకోవాలి, దుంగలుగా ఎండబెట్టి ఆరు నెలల తరువాత చీల్చాలనుకుంటే మనిషికీ గొడ్డలికీ ఇద్దరికీ హింసే.

ఇక ఎంచుకోవడం. పెద్ద గొడ్డలి నాకు మొదటి నుంచీ కుదరలేదు. నాన్నగారి గొడ్డలి తల రెండు కిలోల పైన ఉండేది, పది దెబ్బలకి భుజం పట్టేసేది. అమ్మ మాత్రం రోజూ పొయ్యి కట్టెలు తన చిన్న గొడ్డలితోనే కొట్టుకునేది, కూర్చుని, కొంగు బొడ్లో దోపుకుని, నిదానంగా. నేను నేర్చుకున్నది ఆ పద్ధతే. చిన్న గొడ్డలి అంటే తల 500 నుంచి 800 గ్రాములు, కామ 35 నుంచి 50 సెంటీమీటర్లు. ఇందులో కూడా రెండు రకాలు ఉన్నాయి, ఒంటిచేత్తో వాడే పొట్టిది, రెండో చెయ్యి కూడా పట్టే వీలున్న 45 నుంచి 50 సెంటీమీటర్ల కామ ఉన్నది. ఒక్కటే కొనగలిగితే రెండోదే కొనండి. తల దగ్గర పట్టుకుంటే చిన్న పనికి పొట్టి గొడ్డలిలా పనిచేస్తుంది, చివర పట్టుకుంటే రెండు చేతుల బలం వస్తుంది. మణికట్టు లావు లోపు కొమ్మలకి అసలు గొడ్డలే అక్కర్లేదు, మచ్చుకత్తి చాలు. తొడ లావు దాటిన దుంగలకి చిన్న గొడ్డలి చాలదు, దానికి పెద్దదో, సమ్మెటా ఇనప చీలలో కావాలి. ఈ రెండింటి మధ్యలో ఉన్నదే చిన్న గొడ్డలి పని, ఇంటికి కావలసిన కట్టెల్లో చాలా భాగం ఆ మధ్యలోనే ఉంటుంది.

బరువు తరువాత చూడాల్సింది తల ఆకారం. గొడ్డలిని కళ్ళ ఎదురుగా పెట్టుకుని పైనుంచి చూడండి, వాదర నుంచి కామ బెజ్జం వరకు ఎలా లావెక్కుతోందో. కత్తిలా పలుచగా ఉండి బెజ్జం దగ్గర ఒక్కసారి లావయితే అది నరకడానికి, చెక్కడానికి చేసింది, కట్టెలో దిగి ఇరుక్కుపోతుంది. మేకులా నిదానంగా లావెక్కుతూ పోతే అది చీల్చడానికి, దిగిన కొద్దీ కట్టెని రెండు పక్కలకి తోస్తుంది. కట్టెని చీల్చేది వాదర కాదు, వాదర వెనక ఉన్న లావు. వాదర దారి మాత్రం చేస్తుంది. ఇది నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు, ఎంత పదును పెట్టినా ఎందుకు ఇరుక్కుంటోందో తెలియక గొడ్డలినే తిట్టుకునేదాన్ని.

ఉక్కు గురించి దుకాణం వాళ్ళని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. మంచి గొడ్డలి వాదర గట్టిదనం, దాన్ని కొలిచే రాక్‌వెల్ కొలతలో, 54 నుంచి 58 మధ్య ఉంటుంది, ఆకురాయి 60 దాటి ఉంటుంది, అందుకే ఆకురాయి గొడ్డలిని అరగదీయగలదు. ఇంట్లో పరీక్ష కూడా ఇదే, ఆకురాయిని వాదర మీద నెమ్మదిగా తోస్తే గరగరమని కొంచెం పట్టుకుని పొడి రాలాలి. గాజు మీద జారినట్టు జారిపోతే ఉక్కు మరీ గట్టిది, ముడి మీద విరుగుతుంది. పెన్సిల్ చెక్కినట్టు సులభంగా లేచిపోతే మెత్తది, సాయంత్రానికి మొద్దుబారుతుంది. సంతలో అమ్మే పోత ఇనుము గొడ్డళ్ళు కొన్ని చూశాను, రంగు వేసి మెరుస్తూ ఉంటాయి, వాటి జోలికి పోవద్దు.

మా ఊరి ఆచారి బాబాయి గొడ్డలి చేసేది లారీ కమాను పట్టీతో. అది స్ప్రింగు ఉక్కు, దెబ్బకి తట్టుకోవడానికే పుట్టింది. ఆయన కొలిమిలో ఎర్రగా కాల్చి సాగకొట్టి, వాదర వైపు మాత్రమే నీళ్ళలో ముంచి, పైకి తీసి, ఆ వేడి వెనక నుంచి వాదరలోకి పాకుతుంటే రంగు మారడం చూస్తూ కూర్చుంటాడు. గడ్డి రంగు, తరువాత గోధుమ, ఆ తరువాత ఊదా, చివరికి నీలం. గొడ్డలికి ఊదా మొదలవుతుండగానే మళ్ళీ ముంచేస్తాడు. ఉలికి అయితే గడ్డి రంగు దగ్గరే. ఈ రంగుల్లో వాదర ఎంత గట్టిగా ఉండాలో మొత్తం తేలిపోతుంది, ఆయన దగ్గర ఏ మీటరూ లేదు. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్ళి కత్తులైందని చదివినప్పుడల్లా నాకు ఆయన చేతులే గుర్తుకొస్తాయి. మీ ఊళ్ళో ఇంకా కొలిమి వెలుగుతుంటే, దయచేసి ఆన్‌లైన్‌లో కొనే ముందు ఒకసారి అక్కడికి వెళ్ళండి. మీ కట్టె ఏదో చెప్పండి, మీ ఎత్తు, మీ చెయ్యి చూసి చేసిచ్చే మనిషి ఇంకొన్నేళ్ళకి దొరకడు.

ఆ విరిగిన స్వీడన్ గొడ్డలి తీసుకుని నేను వెళ్ళింది కూడా ఆయన దగ్గరికే. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత బాగా చేశారమ్మా" అన్నాడు మొదట. తరువాత, "దీన్ని మళ్ళీ కాల్చనవసరం లేదు, లేచిన చోటు దాకా అరగదీసి లావుగా పదును పెట్టుకో, గ్రైండరు మాత్రం చూపించకు" అన్నాడు. గ్రైండరు సంగతి నాకు ముందే తెలుసు. అయిదారేళ్ళ క్రితం పట్నంలో ఒక దుకాణంలో అమ్మ గొడ్డలి పదును పెట్టడానికిస్తే చక్రం మీద నిప్పురవ్వలు ఎగిరేలా పట్టి రెండు నిమిషాల్లో ఇచ్చేశారు. వాదర పొడవునా నీలం చార. అంటే అక్కడ వేడి మూడు వందల డిగ్రీల దగ్గరికి వెళ్ళింది, కొలిమిలో వచ్చిన గట్టిదనం పోయింది, మొదటి దుంగకే అంచు వంగిపోయింది. నీలం పడిన భాగం అంతా ఆకురాయితో అరిగేదాకా ఆ గొడ్డలి మళ్ళీ దారికి రాలేదు. గ్రైండరు తప్పనిసరైతే వాదర దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ, చెయ్యి కాలేలోపే నీళ్ళలో ముంచుతూ చెయ్యాలి, అంత ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ఆకురాయే మేలు.

పదును పెట్టడానికి నా దగ్గరున్నవి ఇవే: పది అంగుళాల బల్లపరుపు ఆకురాయి, ఒక పక్క గరుకు ఒక పక్క నునుపు ఉండే కార్బొరండం రాయి, ఒక పాత తోలు బెల్టు, తోలు చేతి తొడుగులు, ఒక మార్కర్ పెన్ను. హార్డ్‌వేర్ షాపులో అన్నీ దొరుకుతాయి.

ముందు గొడ్డలి కదలకుండా ఉండాలి. బల్లకి సీ క్లాంపుతో బిగిస్తాను, వాదర బల్ల అంచు దాటి బయటికి ఉండేలా. క్లాంపు లేనప్పుడు అరుగు మీద పెట్టి కామ మీద మోకాలితో తొక్కిపట్టి చేశాను, అవుతుంది కానీ జాగ్రత్త. వాదర పక్కన ఉన్న వాలు మొత్తం మార్కర్‌తో నల్లగా పూస్తాను. ఇప్పుడు ఆకురాయి నాలుగుసార్లు తోసి చూస్తే, ఎక్కడ నలుపు పోయిందో అక్కడే అరుగుతోందని కళ్ళకి కనిపిస్తుంది. అంచు దగ్గర నలుపు మిగిలి వెనక పోతే ఆకురాయి మరీ పడుకోబెట్టానని అర్థం, అంచు దగ్గరే పోయి వెనక మిగిలితే మరీ లేపానని. ఈ చిన్న ఉపాయం తెలిసిన రోజు నుంచీ నా పదును సగం బాగుపడింది.

కోణం ఎంత? రెండు పక్కలూ కలిపి లెక్క వేస్తే, చెక్కుడు పనికి 25 డిగ్రీల లోపు, మామూలు వాడకానికి 25 నుంచి 30, ఎండిన తుమ్మకి 30 నుంచి 35. నా స్వీడన్ గొడ్డలిని 30కి కాస్త పైన ఆపాను. కొలవడానికి పరికరం కొనక్కర్లేదు. పెళ్ళి శుభలేఖ అట్ట మూల 90 డిగ్రీలు ఉంటుంది, దాన్ని సమానంగా మూడు మడతలు పెడితే ఒక్కో భాగం 30. ఆ ముక్క ఆకారాన్ని ఇంకో అట్ట అంచు మీద గీసి ఆ మేరకు కత్తిరిస్తే ఒక చీలిక వస్తుంది, వాదరని అందులో దించి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఎక్కడ సందు ఉందో తెలిసిపోతుంది. నేను చేసుకున్న అట్ట ఇప్పటికీ ఆకురాయి సంచిలోనే ఉంది.

ఆకురాయి తోసేటప్పుడు మాత్రమే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యాలి. లాగుతూ రుద్దితే పళ్ళు అరిగిపోతాయి, మనవాళ్ళు ఎక్కువమంది చేసే తప్పు ఇదే. వాదర వైపుకి తోస్తే అంచు శుభ్రంగా వస్తుంది కానీ చెయ్యి జారితే వేళ్ళు వాదర మీదకే పోతాయి, కాబట్టి తొడుగులు లేకుండా అస్సలు వద్దు. ఒక మూల నుంచి ఇంకో మూలకి వంపు వెంట తోస్తూ పోవాలి. మధ్యలోనే రుద్దుతూ కూర్చుంటే వంపు పోయి వాదర తిన్నగా అవుతుంది, ఆ తరువాత లోపలికి గుంటపడుతుంది. పొడి ఆకురాయి పళ్ళల్లో ఇరుక్కుంటే ఇత్తడి బ్రష్‌తో దులపాలి, సుద్దముక్క ముందే రాస్తే అంతగా ఇరుక్కోదు. ఒక పక్క చాలు అని ఎలా తెలుస్తుందంటే, అవతలి పక్క బొటనవేలు అంచు మీద అడ్డంగా, అంటే లోపలి నుంచి బయటికి, మెల్లగా జరిపితే సన్నటి గరుకు తగులుతుంది. బాబాయి దాన్ని రేకు అంటాడు. వాదర పొడవునా రేకు లేచిందంటే ఆ పక్క పని అయిపోయింది, తిప్పి రెండో పక్క.

ఆ తరువాత రాయి. నీళ్ళో కాస్త కిరసనాయిలో వేసుకుని, గరుకు పక్కతో మొదలుపెట్టి చిన్న చిన్న సున్నాలు చుడుతూ, రాయిని కొంచెం ఊపుతూ తిప్పాలి. అలా ఊపితే ఆకురాయి వదిలిన గట్టులు అరిగి, వాదర పక్కలు కొద్దిగా ఉబ్బెత్తుగా, బాదం గింజ పక్కలా తయారవుతాయి. ఆ ఉబ్బే తుమ్మ ముడి దగ్గర వాదరని కాపాడేది, ఇరుక్కోకుండా బయటికి తోసేది కూడా. నునుపు పక్కతో అదే పని ఇంకో అయిదు నిమిషాలు, చివరికి బెల్టు మీద వెనక్కి లాగుతూ పదిసార్లు. గడ్డం గీసేంత పదును కట్టెల గొడ్డలికి అవసరం లేదు, ఎండిన కట్టె మీద అది పది దెబ్బలు కూడా నిలవదు. కాగితం చింపకుండా కోస్తే చాలు. కానీ మొద్దుబారిన గొడ్డలితో మాత్రం ఎవరూ పని చెయ్యకండి. అది కట్టెలో దిగదు, జారుతుంది, జారినప్పుడు ఎటు పోతుందో మన చేతిలో ఉండదు.

ఇక్కడ ఇంకో మాట గట్టిగా చెప్పాలి. చిన్న గొడ్డలి చిన్నది కాబట్టి ప్రమాదం తక్కువ అనుకుంటారు. నిలబడి కొడుతున్నప్పుడు దెబ్బ తప్పితే పొడుగు కామ గొడ్డలి నేలకి తగులుతుంది, పొట్టి కామ గొడ్డలి గుండ్రంగా తిరిగి మన మోకాలి కిందకి వస్తుంది. అందుకే అమ్మ కూర్చుని కొట్టేది, అది బద్ధకం కాదు. మోకాళ్ళ మీద కూర్చుని, ముందు వెడల్పాటి మొద్దు పెట్టుకుని, దాని అవతలి సగం మీద కట్టె పెట్టి కొడితే తప్పిన దెబ్బ మొద్దుకే తగులుతుంది. కట్టెని చేత్తో పట్టుకుని కొట్టొద్దు. దానికి మంచి పద్ధతి ఉంది: వాదరని కట్టె పైకొస మీద ముందే ఆనించి, కట్టెనీ గొడ్డలినీ కలిపి ఎత్తి రెండింటినీ ఒక్కసారే మొద్దు మీద కొట్టడం. గొడ్డలి దిగుతుంది, కొంచెం మెలితిప్పితే కట్టె విడిపోతుంది, చెయ్యి వాదర దారిలో ఎక్కడా ఉండదు. మా ఇంట్లో పన్నెండేళ్ళ పిల్లకి నేను నేర్పింది ఇదొక్కటే. దుంగ లావుగా ఉంటే మధ్యలో కొట్టకుండా అంచుల నుంచి పెచ్చులు తీసుకుంటూ రావాలి, ఎండిన దుంగ కోత మీద నెర్రెలు ఉంటాయి కదా, ఆ నెర్రె వెంటే కొట్టాలి. ఇరుక్కున్న గొడ్డలి వెనక సుత్తితో మాత్రం బాదొద్దు, బెజ్జం సాగిపోతుంది, ఆ తరువాత ఏ కామా అందులో నిలవదు.

కామకి మా వైపు నల్ల తుమ్మ వాడతారు, అడవి దగ్గరి ఊళ్ళలో చిరుమాను. చిరుమాను దొరికితే ఇంకేమీ చూడక్కర్లేదు, గట్టిదనంతో పాటు ఊగే గుణం కూడా ఉంది, దెబ్బ అదురు చేతికి రాదు. ఫిస్కార్స్ లాంటి కంపెనీల చిన్న గొడ్డళ్ళకి ప్లాస్టిక్ కామ ఉంటుంది, తల ఊడదు, బలంగానే ఉంటుంది, కానీ విరిగితే మార్చుకునే వీలు లేదు, నాకు అది నచ్చదు. కర్ర కామ కొసన గీతలు చూడండి, అవి వాదర ఉన్న దిక్కులోనే పోతుండాలి, అడ్డంగా ఉంటే ఏదో ఒక రోజు విరుగుతుంది. ఎండాకాలం కామ ఎండి తల వదులవుతుంది, అప్పుడు అందరూ నీళ్ళ తొట్టిలో పడేస్తారు. నానితే బిగుస్తుంది, నిజమే, కానీ ఉబ్బిన పోగులు ఇనుముకి ఒత్తుకుని నలిగిపోయి, ఎండాక ముందుకంటే వదులవుతుంది, ఇక రోజూ నానబెట్టడమే. నీళ్ళ బదులు అవిసె నూనె, రంగుల షాపులో దొరికేది, కొస పోగులు తాగినంత తాగించండి. అది కర్రలోనే ఆరి గట్టిపడుతుంది, కొబ్బరి నూనె అలా ఆరదు. నూనె తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడెయ్యొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, పరిచి ఆరేయండి లేదా నీళ్ళలో ముంచండి. వాదరకి తుప్పు పట్టకుండా మాత్రం కొబ్బరి నూనె చాలు.

నల్లమల వైపు క్యాంపింగ్‌కి వెళ్తూ గొడ్డలి పట్టుకెళ్ళొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. రిజర్వ్ ఫారెస్టులో చెట్టు కొట్టడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం, కాబట్టి అనుమతి లేకుండా గొడ్డలితో అడవిలోకి అడుగు పెట్టొద్దు. పొలంలో, సొంత తోటలో, అనుమతి ఉన్న క్యాంపు చోట ముందే కొట్టి తెచ్చుకున్న కట్టెలు సన్నగా చీల్చుకోవడానికి అయితే దీనికి మించిన తోడు లేదు. వాన పడి కట్టె పైన తడిసినా లోపల పొడిగానే ఉంటుంది, చీల్చి లోపలి చెక్క పుల్లలుగా తీస్తే మంట అంటుకుంటుంది.

స్వీడన్ గొడ్డలికి లేచిన ముక్క మేర అరగదీయడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఇప్పుడు వాదర రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి వచ్చింది, పక్కలు ఉబ్బెత్తుగా ఉన్నాయి, ఉగాది నుంచీ తుమ్మ కట్టెలే కొడుతున్నాను, ముడులు కూడా, ఇంతవరకు చిన్న గాటు కూడా పడలేదు. మొన్న వీడియో కాల్‌లో తమ్ముడికి చూపిస్తే, "అక్కా, ఈసారి వచ్చినప్పుడు బాబాయి చేత నాకొకటి చేయించు" అన్నాడు. బాబాయికి చెప్పాను. అక్కడి కట్టె మెత్తది, వాదర బాగా పలుచగా సాగకొట్టాలని కూడా చెప్పాను. కమాను పట్టీ ముక్క ఒకటి ఆయన అప్పుడే పక్కన తీసిపెట్టాడు.